నెల్లూరు నుంచి నెలకి పాతిక రూపాయలు

1911లో మద్రాసులో ఉన్న ఒక ఇరవై మూడేళ్ళ కుర్రాడికి నెల్లూరు నుంచి నెలనెలా పాతిక రూపాయల మనియార్డరు వచ్చేది. పంపేది నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు. అందుకునేవాడు ఆయనకి చుట్టం కాదు, ఆయన దగ్గర ఉద్యోగీ కాదు. కాలేజీలో ఒక్క పరీక్ష కూడా గట్టెక్కలేదు. పెళ్ళయింది, సంపాదన లేదు. ఉన్నదల్లా అంచులు నలిగిన ఒక నోట్‌బుక్కు. అతని పేరు శ్రీనివాస రామానుజన్.

మన హాస్టల్లో ఈమధ్య ఏ గదికి వెళ్ళినా ఫైనాన్షియల్ ఫ్రీడమ్ గురించే చర్చ. ప్యాకేజీ ఎంత, సిప్ ఎంత, నలభై ఏళ్ళకే ఉద్యోగం మానెయ్యాలంటే ఇప్పట్నుంచీ ఎంత దాచాలి, ఇలా. తప్పేం లేదు, ఆ లెక్కలు తెలిసి ఉండాల్సిందే. కానీ ఆ స్వేచ్ఛ వచ్చాక ఏం చేస్తావని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. రామానుజన్‌ది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. ఏం చెయ్యాలో ఆయనకి పదహారో ఏటే తెలిసిపోయింది. అది చేసుకోవడానికి కావలసిన డబ్బు కోసమే సగం జీవితం తిరిగాడు. ఆయన గణితం గురించీ, 1729 గురించీ అందరూ చెబుతారు. ఈసారి ఆయన జమాఖర్చుల లెక్క చూద్దాం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ చీరల కొట్లో గుమాస్తా. జీతం నెలకి ఇరవై రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడి కాస్త తెచ్చేది. చదువుకునే పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని భోజనం పెడితే ఇంకాస్త వచ్చేది. ఎంత గుంజుకున్నా నెలాఖరుకి కటకటే.

1903లో జి. ఎస్. కార్ రాసిన ఒక గణిత పుస్తకం చేతికొచ్చింది. ట్రైపాస్ పరీక్షకి తయారయ్యే వాళ్ళకి ట్యూషన్లు చెప్పే మాస్టారు తయారుచేసిన పుస్తకం అది. మన భాషలో చెప్పాలంటే గైడు. దాదాపు ఐదు వేల ఫలితాలు వరసగా ఉంటాయి, రుజువులు మాత్రం చాలావాటికి ఉండవు. ఇంకొకడైతే విసుగొచ్చి పక్కన పడేసేవాడు. రామానుజన్ ఒక్కో ఫలితాన్నీ సొంతంగా రాబట్టుకుంటూ పోయాడు. ఆ దారిలో పుస్తకంలో లేనివి కూడా దొరకడం మొదలైంది. అక్కడితో ఆయన జీవితం ఏమిటన్నది తేలిపోయింది. తేలనిది బతుకుతెరువు.

1904లో స్కూలు పూర్తిచేసి, గణితంలో బహుమతి అందుకుని, స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరాడు. లెక్కలు తప్ప మరే సబ్జెక్టూ బుర్రకెక్కలేదు. ఇంగ్లీషులో తప్పడంతో స్కాలర్‌షిప్ ఊడింది. కాలేజీ ఫీజు టర్ముకి 32 రూపాయలు, అంటే తండ్రికి నెలన్నర జీతం. బ్యాక్‌లాగ్ వస్తే మనం మళ్ళీ రాస్తాం. ఆ ఇంట్లో మాత్రం ఒక్క సబ్జెక్టు పోవడమంటే చదువే పోవడం. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. కొడుకు కనిపించడం లేదని తల్లిదండ్రులు పత్రికలో వేయించాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు.

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో రెండో ప్రయత్నం. అక్కడ లెక్కల మాస్టార్లు ముచ్చటపడ్డారు కానీ ఎఫ్.ఏ. పరీక్షలో శరీరశాస్త్రం ముంచింది. 1907లో మళ్ళీ రాశాడు, మళ్ళీ పోయింది. ఇక డిగ్రీ ఆశ వదులుకోవాల్సిందే.

ఆ తర్వాత మూడేళ్ళు రామానుజన్ దగ్గర టైముకి లోటు లేదు. క్లాసులు లేవు, పరీక్షలు లేవు, బాస్ లేడు. సారంగపాణి సన్నిధి వీధిలో ఇంటి అరుగు మీద కూర్చుని పలక మీద లెక్కలు చేసేవాడు. తేలింది నోట్‌బుక్కులోకి ఎక్కించి, పలకని మోచేత్తో తుడిచేవాడు. పలక ఎందుకంటే కాగితం కొనే స్తోమతు లేదు. పైకి చూస్తే ఇంతకన్నా స్వేచ్ఛ ఏముంటుంది? కానీ అది స్వేచ్ఛ కాదు, ఖాళీ. కడుపు కాలుతున్నప్పుడు చేతిలో ఉన్న టైము మనది కాదు, ఆకలిది. ట్యూషన్లు చెప్పి నాలుగు డబ్బులు తెచ్చుకుందామంటే అదీ కుదర్లేదు. పరీక్షకి కావలసింది చెప్పమంటే తనకి తోచిన దూరాలకి వెళ్ళిపోయేవాడు. పరీక్ష పాసవ్వాల్సిన పిల్లలకి ఆ చదువుతో ఏం పని?

1909 జులైలో పెళ్ళయింది. అమ్మాయి పేరు జానకి, పదేళ్ళది. కాపురానికి రావడానికి ఇంకా టైముంది గానీ బాధ్యత మాత్రం ఆరోజే వచ్చింది. తర్వాతి ఏడాది మొదట్లో ఒక ఆపరేషను అవసరమైంది, చేయించడానికి ఇంట్లో డబ్బు లేదు. ఒక డాక్టరు ఫీజు పుచ్చుకోకుండా చేశాడు. కాస్త కోలుకోగానే నోట్‌బుక్కు చంకన పెట్టుకుని ఉద్యోగ వేటలో పడ్డాడు. ఆయన రెజ్యూమె అదొక్కటే.

ముందు తిరుక్కోయిలూరు వెళ్ళి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్‌ని కలిశాడు. భారత గణిత సంఘాన్ని మొదలుపెట్టిన మనిషి ఆయనే. తన ఆఫీసులో ఏదైనా చిన్న గుమాస్తా పని ఇప్పించమని రామానుజన్ అడిగాడు. అయ్యర్ నోట్‌బుక్కు తిరగేసి, ఇవ్వనన్నాడు. ఇలాంటి వాడిని రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టి ఆ తెలివిని ఊపిరాడకుండా చెయ్యడం ఆయనకి మనసొప్పలేదు. ఉద్యోగం ఇవ్వకపోవడమే మేలు చెయ్యడమైన సందర్భాలు అరుదుగా ఉంటాయి, ఇది అందులో ఒకటి. అయ్యర్ ఊరికే పంపెయ్యలేదు, మద్రాసులో తనకి తెలిసినవాళ్ళకి ఉత్తరాలిచ్చి పంపాడు. ఆ దారినే విషయం నెల్లూరు కలెక్టరు దాకా వెళ్ళింది.

రామచంద్రరావు గారు గణితం తెలిసిన కలెక్టరు. గణిత సంఘంలోనూ ముఖ్యుడు. అయినా మొదట ఆయనకి నమ్మకం కలగలేదు. పొట్టిగా, కాస్త లావుగా, గడ్డం గీసుకోకుండా, మాసిన బట్టల్లో వచ్చిన ఆ మనిషిలో ఆయనకి నచ్చినవి మెరిసే కళ్ళు మాత్రమే. నోట్‌బుక్కులో ఉన్నది నిజమైన గణితమో, మతి చలించినవాడి రాతలో కూడా అంతుపట్టలేదు. రామానుజన్ మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. ఈయనకి పూర్తిగా అందడం లేదని గ్రహించి, తేలిక ఫలితాలతో మొదలుపెట్టి మెల్లగా మెట్లెక్కించాడు. చివరికి కలెక్టరు గారికి నమ్మకం కుదిరింది. ఏం కావాలని అడిగారు.

ఈ చోట కాస్త ఆగి చూడాలి. ఎదురుగా జిల్లా కలెక్టరు, ఏం కావాలని తనే అడుగుతున్నాడు. రామానుజన్ పదవి అడగలేదు, పెద్ద మొత్తం అడగలేదు. రెండు పూటలా తిండి వెతుక్కునే పని తప్పితే చాలు, తన ఊహల్లో తను ఉండిపోతానన్నాడు. ఆర్థిక స్వేచ్ఛ అనే మాటకి ఇంతకన్నా పొదుపైన నిర్వచనం నాకు కనబడలేదు. మనం లెక్క వేసేటప్పుడు ఎంత ఉంటే పని మానెయ్యొచ్చని వేస్తాం. ఆయన ఎంత ఉంటే పని చేసుకోవచ్చని వేశాడు. అందుకే ఆయన అంకె అంత చిన్నదిగా తేలింది.

నెల్లూరులో ఏదో చిన్న పనిలో పెట్టేస్తే అతని ప్రతిభ అక్కడే మగ్గిపోతుందని రామచంద్రరావు గారికి తెలుసు. అందుకే మద్రాసు పంపి ఖర్చులు తానే భరించారు. అలా మొదలైంది మనియార్డరు. 1911లో రామానుజన్ మొదటి వ్యాసం, బెర్నూలీ సంఖ్యల మీద రాసింది, భారత గణిత సంఘం పత్రికలో అచ్చయింది. ఆయన కోరుకున్నది దొరికినట్టే కదా? కానీ ఏడాది తిరిగేసరికి ఆ డబ్బు పుచ్చుకోవడం ఆయనకి కష్టమైపోయింది. ఇచ్చేవారు ఏమీ అనలేదు, షరతులూ పెట్టలేదు. అయినా ఒకరి మీద భారంగా ఉండటం పడలేదు. స్కాలర్‌షిప్ కోసం చేసిన ప్రయత్నాలు ఫలించకపోయేసరికి మళ్ళీ గుమాస్తా పనికే దరఖాస్తు పెట్టుకున్నాడు. టైము మన చేతిలో ఉండి, తలెత్తుకోవడం మన చేతిలో లేకపోతే అదీ పూర్తి స్వేచ్ఛ కాదన్నమాట.

1912 మొదట్లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో నెలకి ఇరవై రూపాయలకి కొద్దికాలం పనిచేశాడు. మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో చేరాడు. మూడో తరగతి, నాలుగో గ్రేడు గుమాస్తా, జీతం ముప్ఫై రూపాయలు. ప్రపంచంలో ఎవరూ చూడని సూత్రాలు రాస్తున్న మనిషి పగలంతా పోర్టు లెక్కలు సరిచూసేవాడు.

ఇది చదివి అయ్యో పాపం అనుకుంటాం. కానీ అంతకుముందు గడిచిన ఏళ్ళతో పోలిస్తే ఈ గుమాస్తా కాలం ఆయనకి మేలే చేసింది. జీతం కొంచెమైనా తన చేతి సంపాదన. పైగా అక్కడ దొరికిన మనుషులు అలాంటివాళ్ళు. చీఫ్ అకౌంటెంట్ ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితం చదివినవాడు. సాయంత్రాలు ఇద్దరూ చెరో పలక పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలు చేసేవాళ్ళు. రామానుజన్ రెండు మెట్లు ఎక్కాల్సిన చోట పది మెట్లు దూకేస్తే, తనలాంటి వాడికే అర్థం కాకపోతే లోకానికి ఎలా అర్థమవుతుందని అయ్యర్ పట్టుబట్టి మధ్య మెట్లు రాయించేవాడు. పోర్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఐరిష్ ఇంజనీరు. కింది గుమాస్తా సంగతి అయ్యర్ ద్వారా విని, తనకి పరిచయమున్న పెద్దలందరికీ చెప్పాడు. మంచి ఉద్యోగమంటే జీతం మాత్రమే కాదు. మన అసలు పనిని గుర్తుపట్టే పైఅధికారి ఒకడు ఉండటం కూడా. ఏ ఆఫర్ లెటర్‌లోనూ ఆ సంగతి రాసి ఉండదు.

ఆ కుర్చీలోంచే 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. అంతకుముందు అక్కడే ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లకి రాస్తే పట్టించుకోలేదు. ఉత్తరం మొదట్లోనే తను ఏడాదికి 20 పౌండ్ల జీతం మీద బతికే గుమాస్తానని చెప్పుకున్నాడు. హార్డీ, లిటిల్‌వుడ్ కలిసి ఆ సూత్రాలు చూసి, ఇవి కల్పించి రాయగలిగినవి కావని తేల్చుకున్నారు. హార్డీ జవాబు రాస్తూ రుజువులు అడిగాడు. దానికి రామానుజన్ రాసిన ఉత్తరంలో గణితంతో పాటు ఒక నిష్ఠూరమైన సత్యం ఉంది. తను అర్ధాకలితో ఉన్నాననీ, బుర్ర పనిచెయ్యాలంటే ముందు తిండి కావాలనీ, హార్డీ నుంచి ఒక మంచి మాట వస్తే ఇక్కడ స్కాలర్‌షిప్ దొరకవచ్చనీ రాశాడు. ఆకలి సంగతి చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. రామచంద్రరావు గారి డబ్బు వద్దనుకున్న మనిషి, స్కాలర్‌షిప్ మాత్రం కావాలన్నాడు. ఒకటి దయ, రెండోది చేసే పనికి ప్రతిఫలం. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు.

ఆ ఫిబ్రవరిలోనే గిల్బర్ట్ వాకర్ పోర్ట్ ట్రస్టుకి వచ్చాడు. వాతావరణ పరిశోధనలో పేరున్న ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. రామానుజన్ రాతలు చూసి, ఇతనికి తిండి చింత లేకుండా చూడమని మద్రాసు విశ్వవిద్యాలయానికి రాశాడు. ఇక్కడ ఇంజనీరింగు స్టూడెంట్లం మనం గర్వపడే ముక్క ఒకటుంది. విశ్వవిద్యాలయంలో గణిత పాఠ్యమండలిని సమావేశపరిచి ఈ విషయం ముందుకు నడిపిన బి. హనుమంతరావు గారు మద్రాసు ఇంజనీరింగు కాలేజీలో గణితం ప్రొఫెసరు. రూలు ప్రకారం ఆ స్కాలర్‌షిప్పుకి పెద్ద డిగ్రీ ఉండాలి. రామానుజన్‌కి ఎఫ్.ఏ. కూడా లేదు. అయినా ఇచ్చారు. నెలకి 75 రూపాయలు, రెండేళ్ళపాటు. మూడు నెలలకోసారి చేసిన పని గురించి రిపోర్టు ఇవ్వాలి, అంతే.

1913 మే నుంచి రామానుజన్ పూర్తి కాలం గణితజ్ఞుడు. ముప్ఫై రూపాయల గుమాస్తాకి ఒక్కసారిగా రెండున్నర రెట్లు. అమ్మ, అమ్మమ్మ, జానకి అందరూ ట్రిప్లికేన్ ఇంట్లో ఉన్నారు. పొద్దున లేస్తే చెయ్యాల్సింది తనకి ఇష్టమైన పనే. ఇరవై ఐదేళ్ళ వయసులో, అందరూ పనికిరాడనుకున్న మనిషికి, కోరుకున్నది కోరుకున్నట్టు దొరికింది. మూడు రిపోర్టులూ వేళకి ఇచ్చాడు.

1914 మార్చి 17న కేంబ్రిడ్జి వెళ్ళడానికి మద్రాసులో ఓడెక్కాడు. విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్లు ఇచ్చింది, ప్రయాణం ఖర్చులు వేరే. పౌనుకి పదిహేను రూపాయల లెక్కన నెలకి మూడు వందలు దాటుతుంది. ట్రినిటీ కాలేజీ మరో 60 పౌండ్లు కలిపింది. రామానుజన్ మొదటి ఏర్పాటు ఇంటికే: తన స్కాలర్‌షిప్‌లోంచి నెలకి 60 రూపాయలు నేరుగా కుంభకోణం వెళ్ళేలా చూశాడు. తండ్రి జీతానికి అది మూడింతలు.

డబ్బుకి లోటు తీరాక వచ్చిన కష్టాలు డబ్బుతో తీరేవి కావు. వెళ్ళిన నాలుగు నెలలకే యుద్ధం మొదలైంది. లిటిల్‌వుడ్ యుద్ధం పనిమీద వెళ్ళిపోయాడు. శాకాహారం దొరకడం గగనమైంది. తన వంట తనే చేసుకునేవాడు. లెక్కల్లో పడితే వంటా ఉండదు, నిద్రా ఉండదు. ఇరవై నాలుగు గంటలు దాటి పనిచెయ్యడం, తర్వాత ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోవడం. ఆఫీసు టైము అనేది లేని పనికి ఇదొక ప్రమాదం. ఆపమని చెప్పేవాడు ఉండడు. 1916లో పరిశోధనకి బి.ఏ. డిగ్రీ వచ్చింది. రెండు కాలేజీల్లో ఫెయిలైనవాడికి వచ్చిన తొలి డిగ్రీ అది. 1917లో ఆరోగ్యం పూర్తిగా చెడింది. అక్కణ్ణుంచి శానటోరియం తర్వాత శానటోరియం.

గుర్తింపంతా ఆ మంచం మీద ఉండగానే వచ్చింది. 1918 మేలో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. అక్టోబరులో ట్రినిటీ ఫెలోషిప్: ఏడాదికి 250 పౌండ్లు, ఆరేళ్ళపాటు, ఏ షరతూ లేకుండా. మద్రాసు విశ్వవిద్యాలయం కూడా ఏడాదికి మరో 250 పౌండ్లు, ఐదేళ్ళకి ప్రకటించింది. రిపోర్టులు అక్కర్లేదు, పాఠాలు చెప్పక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. మనం ఫైనాన్షియల్ ఫ్రీడమ్ అని దేన్నంటామో అది అక్షరాలా ఆయన చేతికొచ్చింది.

దానికి ఆయన ఏం చేశాడో చూడండి. 1919 జనవరి 11న మద్రాసు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకి ఉత్తరం రాశాడు. కృతజ్ఞతలు చెప్పి, ఇది తన అవసరానికి మించిన మొత్తమన్నాడు. ఏడాదికి 50 పౌండ్లు అమ్మానాన్నలకి ఇమ్మన్నాడు. తన ఖర్చులు పోగా మిగిలేది చదువుకి వాడమన్నాడు. పేద పిల్లల, అనాథల ఫీజులు తగ్గించడానికీ, పుస్తకాలు కొనిపెట్టడానికీ ఉపయోగించమని కోరాడు. కుంభకోణంలో టర్ముకి 32 రూపాయలు లేక చదువు ఆగిపోయినవాడి ఉత్తరం అది. తనకెంత కావాలో ఆ మనిషికి ముందే తెలుసు. అందుకే అంతకన్నా ఎక్కువ వచ్చిన రోజున దాన్ని వెంటనే గుర్తుపట్టగలిగాడు. ఎంత చాలో తెలియనివాడికి మిగులు అనేదే ఉండదు కదా.

1919 మార్చిలో దేశానికి తిరిగొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, పని మాత్రం ఆగలేదు. 1920 జనవరిలో హార్డీకి రాసిన ఆఖరి ఉత్తరంలో తను కొత్తగా కనిపెట్టిన మాక్ తీటా ఫంక్షన్ల గురించి చెప్పాడు. గణితజ్ఞులు వాటిమీద ఇవాళ్టికీ పనిచేస్తున్నారు. చనిపోవడానికి నాలుగు రోజుల ముందు వరకూ లెక్కలు చేస్తూనే ఉన్నాడని జానకి తర్వాత చెప్పింది. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చెట్‌పట్‌లో పోయాడు. వయసు 32. ఉత్తరంలో రాసిన ఏర్పాటు తన చేతులతో చేసే వ్యవధి ఆయనకి దొరకలేదు.

ఈ కథలో ఇంకో జమాఖర్చు మిగిలి ఉంది, అది జానకిది. ఒక మనిషి తన పనిలో మునిగిపోవడానికి దొరికిన స్వేచ్ఛ వెనక ఇంకెవరి బతుకో ఆధారం లేకుండా ఉండిపోవచ్చు. భర్త పోయేనాటికి ఆమెకి ఇరవై ఒకటి. చదువు లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన పింఛను నెలకి ఇరవై రూపాయలు. సరిగ్గా కుంభకోణం చీరల కొట్లో మామగారి జీతమంత. కొన్నేళ్ళు బొంబాయిలో అన్నగారి దగ్గర ఉండి కుట్టుపని నేర్చుకుంది. తిరిగి మద్రాసు వచ్చి, ట్రిప్లికేన్‌లో మిషను పెట్టుకుని, ఒకరి మీద ఆధారపడకుండా దశాబ్దాల పాటు తన కాళ్ళ మీద తను బతికింది. 1994లో పోయింది. ఆమె స్వేచ్ఛ గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు గానీ, రామచంద్రరావు గారి డబ్బు వద్దనుకున్న రామానుజన్‌కి అది బాగా అర్థమై ఉండేది.

1950 ప్రాంతంలో ఆమె స్నేహితురాలు ఒకావిడ చనిపోయింది. ఆవిడ కొడుకు చిన్నపిల్లాడు. జానకి ఆ పిల్లాణ్ణి ఇంటికి తెచ్చుకుని పెంచింది. కుట్టుమిషను మీద వచ్చిన డబ్బుతో ఫీజులు కట్టి, పుస్తకాలు కొని చదివించింది.